మూడు వాక్యాల కోసం పదిహేను నెలలు: పోలీసు ఫిర్యాదుల అథారిటీ రూల్స్ మార్చమని అడిగిన నా అనుభవం

మా ఊరి పేరు, స్టేషన్ పేరు, జిల్లా పేరు రాయడం లేదు. గోదావరి పాయల మధ్య ఓ లంక ఊరు, అంతవరకు చాలు. పోలీసుల మీద ఫిర్యాదు ఎలా చెయ్యాలో ఫోన్లో వెతికితే నాకు సెక్షన్లు బోలెడు దొరికాయిగానీ, కాగితం పోస్టులో వేశాక ఏం జరుగుతుందో, ఎన్నాళ్ళు పడుతుందో ఎవరూ రాసినట్టు కనపడలేదు. అందుకే జరిగింది జరిగినట్టు రాస్తున్నాను. నేను లాయర్ని కాను, పది దాకా చదివాను, డ్వాక్రా గ్రామ సమాఖ్యలో లెక్కలూ తీర్మానాల పుస్తకమూ రాస్తాను. ఆ అలవాటు వల్లే ప్రతి తేదీ, ప్రతి ఖర్చు ఒక నోటు పుస్తకంలో రాసుకున్నాను.

2024 ఆగస్టు 20, మంగళవారం. మా తమ్ముడు రెండెకరాలు కౌలుకి చేస్తాడు. సార్వా (వానాకాలపు వరి) ఊడ్పులు అయి మూడు వారాలు కూడా కాలేదు. పక్కన రొయ్యల చెరువు ఆయన ఉప్పునీళ్ళు బోదెలోకి, అంటే పొలాల నీళ్ళ కాలవలోకి, వదిలితే నాట్లు మాడిపోతున్నాయని వీడు బోదెకి అడ్డంగా మట్టి వేసేశాడు. నీళ్ళు పోయే దారి లేక రొయ్యలు పోయాయని ఆయన స్టేషన్‌కి వెళ్ళాడు. ఉదయం పదింటికి ఫోన్ చేసి "ఓసారి వచ్చి వెళ్ళు" అన్నారు. నోటీసు లేదు, కాగితం లేదు. వెళ్ళినవాడు బుధవారం రాత్రి తొమ్మిదింటికి వచ్చాడు. ముప్ఫై అయిదు గంటలు. ఫోన్ తీసేసుకున్నారు, అమ్మ అన్నం క్యారేజీ పట్టుకెళ్తే గేటు దగ్గరే తీసుకుని పంపేశారు. కొట్టారు. లక్షా ఇరవై వేలు నష్టపరిహారం ఇస్తానని తెల్లకాగితం మీద సంతకం పెట్టించుకున్నారు. కేసు కట్టలేదు కాబట్టి అరెస్టు అన్నమాటే ఎక్కడా లేదు, అంటే కాగితాల ప్రకారం ఆ రోజున్నర మా తమ్ముడు ఎక్కడా లేడు.

ఇక్కడ మేం చేసిన పెద్ద తప్పు ఒకటి చెప్పాలి. మర్నాడు ప్రభుత్వాసుపత్రికి వెళ్ళాం. డాక్టరు గారు వీపు చూసి "ఎవరైనా కొట్టారా, కొడితే మెడికో లీగల్ కేసని రాయాలి, స్టేషన్‌కి తెలియజేయాలి" అన్నారు. ఏ స్టేషన్‌కి అంటే అదే స్టేషన్‌కి. మా వాడు నా వైపు చూసి, గట్టు మీద జారి పడ్డానని చెప్పాడు. నేను ఊరుకున్నాను. ఆ ఒక్క నిమిషం ఇప్పటికీ రాత్రిళ్ళు నిద్ర మధ్యలో గుర్తొస్తుంది. ఆ చీటీలో "జారి పడుట వలన" అని ఉంది, తర్వాత ప్రతి చోటా మాకు ఎదురు తిరిగింది ఆ చీటీయే. మీకిలాంటిది జరిగితే భయమేసినా సరే డాక్టరుకి నిజం చెప్పండి. కనీసం వీపు ఫోటోలు తేదీ కనపడేలా తీసి పెట్టుకోండి. మా మరదలు ఏడుస్తూనే రెండు ఫోటోలు తీసింది కాబట్టి మాకు అవైనా మిగిలాయి.

వారం రోజులు ఎవరం ఏం చెయ్యలేదు. నలభై వేలు అప్పు తెచ్చి ఇచ్చేశాడు కూడా. వాడు మాట్లాడటం మానేశాడు. సైకిల్ మీద ఊళ్ళోకి వెళ్ళాలంటే స్టేషన్ ముందు నుంచే దారి, అది వదిలేసి రేవు దాటి పంటు మీద చుట్టూ తిరిగి వెళ్ళేవాడు. అది చూసి నేనే అర్జీ రాశాను.

జిల్లా పోలీసు ఆఫీసులో సోమవారం సోమవారం అర్జీలు తీసుకుంటారు. ఆగస్టు 26 సోమవారం కృష్ణాష్టమి సెలవు. సెప్టెంబరు 2న విజయవాడ మునిగిపోయిన వానలు, మాకూ రోడ్డు లేదు. 9వ తేదీకి వెళ్ళాం. అక్కడ బాగానే మాట్లాడారు, కూర్చోబెట్టారు, రసీదు ఇచ్చారు, నంబరుతో మెసేజ్ వచ్చింది. ఇంటికి వచ్చేటప్పుడు అమ్మ బస్సులోనే గోదారికి దణ్ణం పెట్టుకుంది. నాలుగు రోజుల తర్వాత ఫోన్ వచ్చింది. మీ అర్జీ మీద విచారణకి రమ్మని. ఎవరంటే, మేం ఎవరి మీద అర్జీ పెట్టామో ఆ స్టేషన్ నుంచే.

మా వీధిలో హెడ్ కానిస్టేబుల్‌గా రిటైరైన ఒక పెద్దాయన ఉన్నారు, బాబాయ్ గారంటాం. ఆయన దగ్గరికి వెళ్తే ఆశ్చర్యపడలేదు. "పైన ఇచ్చిన కాగితం పైన ఉండదమ్మా. డీఎస్పీ గారికి, అక్కణ్ణించి సీఐ గారికి, అక్కణ్ణించి ఎస్సైకి దిగుతుంది. నా సర్వీసులో నా మీద వచ్చిన అర్జీకి రిపోర్టు నేనే రాసి పెట్టిన రోజుంది" అన్నారు. చాలా మెల్లగా అన్నారు ఆ మాట.

లాయరు దగ్గరికి వెళ్ళాలంటే ఫీజుకి భయపడ్డాం. ఆడవాళ్ళకి ఆదాయంతో పనిలేకుండా ఉచిత న్యాయ సహాయం ఉందని అప్పటిదాకా నాకు తెలీదు. 1987 చట్టంలోనే ఉంది. 15100కి ఫోన్ చేస్తే ఎక్కడికి వెళ్ళాలో చెప్పారు. కోర్టు ఆవరణలోనే న్యాయ సేవల ఆఫీసు, అర్జీ నా పేరున పెట్టాను, పది రోజుల్లో ఒక లాయరు గారిని ఇచ్చారు. చిన్నమ్మాయే, నా మేనకోడలి వయసు. ఆవిడ మొదట చేయించిన పని సీసీ కెమెరా ఫుటేజీ కోసం ఆర్టీఐ (సమాచార హక్కు చట్టం) కింద దరఖాస్తు. ఫీజు పది రూపాయలు. మండల స్థాయి ఆఫీసుకైతే అయిదే, గ్రామ స్థాయిలో అసలు లేదు. సెప్టెంబరు 23న పంపాం. దసరా వెళ్ళాక, అక్టోబరు 22న జవాబు వచ్చింది: ఆ రెండు రోజులూ కెమెరా రిపేర్లో ఉంది, ఫుటేజీ లేదు.

ప్రతి స్టేషన్‌లో కెమెరాలుండాలనీ, రికార్డింగు 18 నెలలు, ఎంత కాదన్నా ఏడాదికి తగ్గకుండా దాచాలనీ, అవి పని చేసేలా చూసుకునే బాధ్యత స్టేషన్ అధికారిదేననీ సుప్రీంకోర్టు 2020 డిసెంబరు 2న చెప్పిందట. లాయరు గారు ఆ తీర్పు చూపించినప్పుడు నాకు కోపం కంటే దుఃఖం ఎక్కువ వచ్చింది. అన్నీ రాసి ఉన్నాయి. మా వాడి దగ్గరికి వచ్చేసరికి ఒక్కటీ లేదు.

అప్పుడు ఆవిడ చెప్పిన దారి పోలీసు ఫిర్యాదుల అథారిటీ. రిటైరైన జడ్జి గారు చైర్మన్‌గా ఉండి పోలీసుల మీద ఫిర్యాదులు వినే చోటు. 2006 సెప్టెంబరు 22న ప్రకాశ్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు రాష్ట్రాలన్నిటికీ పెట్టమని చెప్పింది. రాష్ట్ర స్థాయిలో ఎస్పీ, ఆ పై వాళ్ళ మీద, జిల్లా స్థాయిలో డీఎస్పీ వరకు. కస్టడీలో చావులూ తీవ్రమైన గాయాలే కాదు, బలవంతపు వసూళ్ళు, అధికారాన్ని బాగా దుర్వినియోగం చేసిన సంగతులు కూడా జిల్లా స్థాయిలో వినొచ్చు. తెల్లకాగితం మీద లక్షా ఇరవై వేలకి సంతకం ఈ మాట కిందికి వస్తుందని ఆవిడ అన్నారు.

అక్టోబరు 24న రిజిస్టర్డ్ పోస్టు. నలభై ఆరు రోజులు ఏ కబురూ లేదు, రసీదు కార్డు కూడా రాలేదు. డిసెంబరు 9న కవరు వచ్చింది, అఫిడవిట్ జత చేసి మూడు సెట్లు పంపమని. స్టాంపు కాగితం, టైపు, నోటరీ కలిపి 350 రూపాయలు, జిరాక్సులు 90. తమ్ముడు నోటరీ ముందు సంతకం పెట్టడానికి చెయ్యి రాక పది నిమిషాలు అలాగే నిలబడ్డాడు. సంతకం అంటేనే వాడికి ఆ రోజు గుర్తొచ్చింది. ఈ సంగతి రూల్స్ రాసేవాళ్ళకి తెలిస్తే బాగుండునని అక్కడే అనిపించింది నాకు.

2025 జనవరి 21న, సంక్రాంతి వెళ్ళిన వారానికి, మళ్ళీ ఫోన్. "మీరు అథారిటీకి పెట్టుకున్నారు కదా, స్టేట్‌మెంట్ ఇవ్వాలి రండి." అదే సబ్ డివిజన్ వాళ్ళు, అంటే మా స్టేషన్ ఏ డీఎస్పీ గారి కింద ఉందో వాళ్ళే. మా అమ్మ ఆ రోజు అన్నం తినలేదు. లాయరు గారు తోడు రావడం వల్ల వెళ్ళాం. స్టేట్‌మెంట్ రాసుకున్నారు, కాపీ ఇవ్వలేదు. ఫిబ్రవరి 27న ఒక్క పేజీ ఉత్తరం, ఇంగ్లీషులో. మా అమ్మాయి డిగ్రీ చదువుతోంది, చదివి చెప్పింది: విచారణ జరిగింది, ఆరోపణలు రుజువు కాలేదు, ఫిర్యాదు మూసివేయడమైనది. రిపోర్టు ఏం చెప్పిందో లేదు, ఎవర్ని అడిగారో లేదు. మేం అర్జీ పెట్టింది తెలుగులో. ఏడ్చింది తెలుగులో. జవాబు మా ఇంట్లో ఒక్కరికే అర్థమయ్యే భాషలో వచ్చింది.

హైకోర్టుకి వెళ్ళొచ్చు, మేజిస్ట్రేటు దగ్గర ప్రైవేటు కంప్లయింటు వెయ్యొచ్చు అన్నారు లాయరు గారు. తమ్ముడు వద్దన్నాడు. "నన్ను మళ్ళీ ఎక్కడికీ పిలిపించకక్కా" అన్నాడు. వాణ్ణి బలవంతపెట్టే హక్కు నాకు లేదు. కానీ నాకు మనసు ఊరుకోలేదు. సమాఖ్యలో బైలా సరిగ్గా లేకపోతే తీర్మానం పెట్టి మారుస్తాం కదా, ఈ అథారిటీకీ రూల్స్ ఉంటాయి కదా, అవి మార్చమని అడగకూడదా అని లాయరు గారిని అడిగాను. ఆవిడ కాసేపు ఆలోచించి, దీనికి ఫారమ్ అంటూ ఏమీ లేదు, రూల్స్ జీవోతో వస్తాయి, జీవో ఇచ్చేది ప్రభుత్వం, కాబట్టి హోం శాఖకి విన్నపం పెట్టుకోవాలి, ఎవరైనా పెట్టొచ్చు అన్నారు.

మార్చి అంతా జీవో కాపీ సంపాదించి తెలుగు చేసుకోవడంతో సరిపోయింది. రాత్రి వంట అయ్యాక అమ్మాయి చదివి చెప్తుంటే నేను రాసుకునేదాన్ని, రోజుకి ఒక పేరా. చైర్మన్ ఎవరుండాలి, సభ్యులెవరు, జీతాలెంత అన్నవి వివరంగా ఉన్నాయి. ఫిర్యాదు ఇచ్చిన మనిషి కోసం నేను వెతికాను. మాకు దొరికిన ఆ కాపీలో, మధ్యలో వాడికి ఏం చెప్పాలి, ఏ భాషలో చెప్పాలి, ఎవర్ని విచారణకి పంపకూడదు అన్న చోట నాకు ఏమీ కనపడలేదు.

నేను మొదట రాసింది పదకొండు మార్పులు. బాబాయ్ గారు చదివి కళ్ళజోడు తీసి, "పదకొండు అడిగితే ఫైల్లో పదకొండు పేజీలు నోటు రాస్తారు, ఏళ్ళు పడుతుంది. మూడు అడుగమ్మా, ఒక్కోటి ఒక్క వాక్యంలో" అన్నారు. ఏవి తీసెయ్యాలన్న దాని మీద మూడు సాయంత్రాలు కూర్చున్నాం. అఫిడవిట్ వద్దన్నది తీసెయ్యడానికి నేను ఒప్పుకోలేదు, చివరికి తీశాను, ఇప్పటికీ ఆ బాధ ఉంది. మిగిలిన మూడూ ఇవి. ఎవరి మీద ఫిర్యాదో ఆ స్టేషన్‌కి గానీ ఆ సబ్ డివిజన్‌కి గానీ విచారణ అప్పగించరాదు. ఫిర్యాదు చేరిన రోజే ఆ తేదీల కెమెరా రికార్డింగు భద్రపరచమని, కెమెరా పని చెయ్యకపోతే ఆ రిపేరు కాగితాలు పంపమని స్టేషన్‌కి ఉత్తర్వు ఇవ్వాలి. ఫిర్యాదు మూసే ముందు విచారణ రిపోర్టు కాపీ ఫిర్యాదుదారుకి ఇచ్చి, తన మాట చెప్పుకోవడానికి పదిహేను రోజులు గడువిచ్చి, తెలుగులో జవాబు చెప్పాలి.

మొదటి దానికి ఆధారం 2006 తీర్పులోనే ఉంది. సీఐడీ, ఇంటెలిజెన్స్, విజిలెన్స్ లాంటి చోట్ల రిటైరైన వాళ్ళని అథారిటీ సొంతంగా విచారణకి పెట్టుకోవచ్చని అందులో రాశారు. బాబాయ్ గారికి అది బాగా నచ్చింది.

ఇక సంతకాలు. ఏప్రిల్ రెండో వారం నుంచి తిరిగాను. మొదటి నాలుగు రోజుల్లో తొమ్మిది సంతకాలు. "పోలీసుల మీద కాగితం" అని పేరు పడిపోయింది, నన్ను చూసి తలుపు దగ్గరికి వేసుకున్న ఇళ్ళున్నాయి, అందులో నాతో పదేళ్ళుగా సంఘంలో ఉన్నవాళ్ళూ ఉన్నారు. వాళ్ళని తప్పుపట్టను. ఊళ్ళో కొడుకులున్న ఇల్లు ఏదైనా భయపడుతుంది. సమాఖ్యలో తీర్మానం పెడదామంటే అధ్యక్షురాలు "ఇది మన పొదుపు సంగతి కాదు కదా వదినా" అంది, అదీ నిజమే.

రెండు పనుల వల్ల మారింది. ఒకటి, కాగితం మొదటి లైన్ మార్చాం: "ఇది ఎవరి మీదా ఫిర్యాదు కాదు, రూలు మార్చమని విన్నపం." రెండోది, బాబాయ్ గారు మొదటి సంతకం ఆయన పెట్టి, కింద "రిటైర్డ్ హెడ్ కానిస్టేబుల్" అని రాసి, నాతో పాటు ఇంటింటికీ వచ్చారు. "ఈ అథారిటీలు పెట్టమని కోర్టుకెళ్ళిన ప్రకాశ్ సింగ్ గారెవరనుకున్నారు, డీజీపీ చేసి రిటైరైన పోలీసాయనే. 1996లో వేస్తే పదేళ్ళకి తీర్పొచ్చింది. మనం పోలీసులకి శత్రువులం కాదండి" అని ప్రతి అరుగు మీదా చెప్పారు. మే మొదటి వారానికి 143 సంతకాలు. వేలిముద్రలు 22, వాటి పక్కన ఆధార్ చివరి నాలుగు అంకెలు రాయించాను. ఇది ఎవరూ అడగలేదుగానీ, ఉంటే మంచిదని లాయరు గారు అన్నారు. చెరువు ఆయన ఇంటికి కూడా వెళ్ళాను. ఆయన పెట్టలేదు. కానీ మిగిలిన ఎనభై వేలు మళ్ళీ అడగలేదు.

మే 20న వెలగపూడి సచివాలయానికి వెళ్ళాం, నేనూ అమ్మాయీ. రావులపాలెం నుంచి తెల్లవారుజామున బస్సు, విజయవాడలో దిగి ఇంకో బస్సు. బస్సులు, ఆటో, తిండి కలిపి 1,640. ఎండ భయంకరంగా ఉంది. ఆధార్ చూపించి పాస్ తీసుకోవాలి, మా వంతు వచ్చేసరికి మధ్యాహ్నం అయిపోయింది. నేను అనుకున్నది ఎవరో పెద్దాఫీసరుకి చెప్పుకోవాలని, రెండు రాత్రులు మాటలు కూడబెట్టుకుని వెళ్ళాను. కాగితం తీసుకున్నది టపాల్ (వచ్చిన కాగితాలు తీసుకునే చోటు) దగ్గర ఒక ఉద్యోగి. నాలుగు నిమిషాల్లో అయిపోయింది. ముద్ర వేసి నంబరు రాసిచ్చాడు. "అంతేనా బాబూ" అంటే "అంతేనమ్మా, నంబరు జాగ్రత్త" అన్నాడు. ఆ మాట విలువ నాకు తర్వాత తెలిసింది. ఆ నంబరు లేకపోతే ఆ తర్వాత ఒక్క అడుగు కూడా పడేది కాదు. కాపీ ఒకటి అథారిటీకి పోస్టులో పంపాం.

జూన్ లేదు, జులై లేదు. ఆగస్టు 4న ఆ నంబరు వేసి ఆర్టీఐ పెట్టాను: నా విన్నపం ఏ సెక్షన్లో ఉంది, ఏ తేదీన ఎవరి దగ్గరికి వెళ్ళింది, నోటు ఫైలు (ఆఫీసులో దాని మీద రాసుకున్న కాగితాలు) కాపీ ఇవ్వండి. ఈ మూడు ప్రశ్నలే అడగమని లాయరు గారి సలహా, "ఎప్పుడు మారుస్తారు, ఎందుకు మార్చలేదు" అని అడిగితే అది సమాచారం కాదని తిప్పి పంపుతారట. ఇరవై ఎనిమిదో రోజున జవాబు వచ్చింది. ఫైలు కదిలింది. మే నెలాఖరున ఒక సెక్షన్ నుంచి ఇంకో సెక్షన్‌కి వెళ్ళి అక్కడ ఆగింది.

సెప్టెంబరు 10న మళ్ళీ వెళ్ళాను, ఈసారి ఒక్కదాన్నే. ఆగస్టు 15 నుంచి ఆడవాళ్ళకి బస్సు ఉచితం కదా, ఎక్స్‌ప్రెస్‌లో ఆధార్ చూపిస్తే జీరో టికెట్ కొట్టారు. ఖర్చు మొత్తం 210. ఈ ఉచితం లేకపోతే రెండోసారి వెళ్ళేదాన్ని కాదేమో. ఆ సెక్షన్లో ఒకావిడ ఫైలు తెప్పించి చూసి, "ఇది మీరే రాశారా, లాయరు రాశారా" అని అడిగారు. నేనే అన్నాను. "మూడే ఉన్నాయి కాబట్టి చదివానమ్మా, అథారిటీ అభిప్రాయం, డీజీపీ గారి ఆఫీసు అభిప్రాయం అడగాలి, అడుగుతాం" అన్నారు. కుర్చీ వేసి కూర్చోబెట్టారు. బయటికొచ్చాక చెట్టు కింద కూర్చుని ఏడ్చేశాను, ఎందుకో నాకే తెలీదు, ఏడాది తర్వాత ఒకరు పూర్తిగా చదివారని కావచ్చు.

అక్టోబరు 28 రాత్రి మొంథా తుఫాను మా మీదుగానే పోయింది. కరెంటు లేదు, కొబ్బరి చెట్లు పడిపోయాయి, పొట్టలోంచి బయటికొచ్చి గింజ పాలు పోసుకుంటున్న చేను నీళ్ళలో పడుకుంది. పోస్టు రావడం మొదలయ్యాక నవంబరు 6న కవరు వచ్చింది. తెలుగులో ఉంది. విన్నపంలోని మూడు అంశాల మీద అభిప్రాయాలు కోరడమైనది, అవి అందిన తర్వాత పరిశీలించబడును. అంతే. ఒప్పుకున్నారని కాదు, కాదన్నారనీ కాదు.

నోటు పుస్తకంలో మొత్తం ఖర్చు 6,870, నలభై వేల అప్పు కాకుండా. ఆ అప్పు ఇంకా తీరలేదు. అభిప్రాయాలు వచ్చాయో లేదో అడుగుతూ జనవరి మొదట్లో మళ్ళీ ఆర్టీఐ పెడతాను, దరఖాస్తు రాసి ఉంచాను.

కవరు పట్టుకుని చేలోకి వెళ్ళాను. తమ్ముడు మోకాలి లోతు నీళ్ళలో పడిపోయిన దుబ్బులు లేపి నాలుగేసి కలిపి కడుతున్నాడు. చేతులు తడిగా ఉన్నాయని నన్నే చదవమన్నాడు. చదివాను. "ఇంకోసారి చదువక్కా" అన్నాడు. రెండోసారి విన్నాక, గట్టెక్కి చేతులు తుడుచుకుని, ఆ కాగితం తీసుకుని తనే చదువుకున్నాడు.